అడగకుండా వాడిన మనిషి

వంశధార పాయ మారిన వరదకి అది పద్నాలుగో ఏడు. ఆ ప్రాంతంలో ఏళ్ళని అలాగే చెప్పుకునేవారు. పెళ్ళి వరదకి రెండేళ్ళ ముందంటారు. పిల్ల వరదకి మూడో ఏట పుట్టిందంటారు. పోలినాయుడి విషయంలో ఈ లెక్క మరీ తేలిక. వరదకి ముందు అతను పడవ నడిపాడు. వరద తర్వాత ఏరు మూడు మైళ్ళు అవతలికి జరిగిపోయింది, అతని రేవు ఇసకలో మిగిలింది. మూడేళ్ళు ఊరికే కూర్చున్నాక, కొత్త వస్తువులు వాడి చూపే కొలత మనిషి అయ్యాడు.

ఆ రోజు పొద్దున్న పది గంటలకి వాడుకశాలలో అతని ముందు కొత్త పలక పెట్టారు.

"ఇది పడవని పిలిచే పలక తాతగారూ," అంది దమయంతి. పలకలు తయారుచేసే సంస్థలో వాటి రూపం తీర్చే పని ఆమెది. "నీళ్ళొస్తున్నాయని తెలిసింది. ఇంట్లో మీరొక్కరే ఉన్నారు. పడవ కావాలి. ఎలా పిలుస్తారో పిలవండి. నేనేం చెప్పను. పరీక్ష మీకు కాదు, వస్తువుకి."

పోలినాయుడు తల ఊపి చేయి చాపాడు.

నల్లటి నున్నటి పలక. దాని మీద అక్షరాలు లేవు, మీటలు లేవు. చేయి జానెడు దూరంలోకి రాగానే లోపలినించి మినుగులు, వెలుగు చుక్కలు, పైకి తేలాయి. పచ్చనివి, ఎర్రనివి, పాలరంగువి. వరదలో చదువుకున్నవాళ్ళూ చదువులేనివాళ్ళూ ఒకే గట్టు మీద పడ్డప్పుడు, ఎవరికైనా పనికొచ్చేట్టు ఈ ఒద్దిక పలక పుట్టింది. ఇప్పుడు తలుపు తీయాలన్నా, పొయ్యి వెలగాలన్నా, నీళ్ళు రావాలన్నా, మందు పడాలన్నా ఇంటింటా పలకే. మినుగు మీద వేలు ఆనితే చాలు. ఎవరినీ అడగక్కర్లేదు. అడగవలసి వచ్చిందంటే ఆ వస్తువు ఓడిపోయినట్టేనని వాడుకశాలలో గోడ మీదే రాసుంది.

పోలినాయుడి చేయి ఎర్ర మినుగు వైపు కదిలింది. ఎదురుగా కూర్చున్న దమయంతి కనుబొమల మధ్య గీత పడీపడకుండా పడింది. చేయి పచ్చదాని మీదికి జరిగింది. ఆమె గడ్డం బియ్యపు గింజంత కిందికి దిగింది. అతను వేలు ఆనించాడు.

చేయి ఎన్ని సెకన్లు తడబడిందో చూపే ముల్లు పలక పక్కన ఒకటిన్నర దగ్గర ఆగింది.

"అయిపోయింది!" అని దమయంతి చప్పట్లు కొట్టింది. "తాతగారూ, మీరసలు ఆలోచించరు కదా!"

అతను టీ గ్లాసు అందుకున్నాడు. వీపు లాగుతోంది. ఈ మధ్య అక్కడ కూర్చుని లేచేసరికి, ఎదురీతలో పడవ వేసొచ్చినట్టు ఒళ్ళంతా బరువుగా ఉంటోంది.

పడవ వెనక నిలబడి గెడ వేసేవాడికి ముందున్న నీళ్ళు కనపడవు. మనుషులు అడ్డం. వాళ్ళంతా ఇటు తిరిగి కూర్చుంటారు. సుడి వస్తోందో, దుంగ వస్తోందో, పడవవాడు వాళ్ళ ముఖాల్లో చూసుకోవాలి. ముందు కళ్ళు వెడల్పవుతాయి, ఆ తర్వాత నోరు తెరుస్తారు. ఈ రెంటికీ మధ్య గెడ మారిపోవాలి. నలభై ఏళ్ళు పోలినాయుడు చేసిన పని అదే. వాడుకశాలలోనూ అదే చేస్తున్నాడు. అది తప్పని అతనికి తోచలేదు. చెప్పవలసిన సంగతనీ తోచలేదు. అతను మాట్లాడితేనే వింత.

నిజానికి చూసేవాళ్ళు అద్దం వెనక గదిలో ఉండాలి. నియమం అదే. మొదటి రోజునే దమయంతి ఆ నియమాన్ని పక్కన పెట్టింది. ఇంటి పెద్దలాంటి మనిషిని ఒంటరిగా కూర్చోబెట్టి అద్దం చాటునించి జంతువుని చూసినట్టు చూడ్డం ఏం మర్యాదని పైవాళ్ళతో వాదించి, కుర్చీ లాక్కుని వచ్చి ఎదురుగా కూర్చుంది. అందరూ మెచ్చుకున్నారు. పోలినాయుడూ సంతోషించాడు. పరీక్ష వస్తువుకని ఆమె ఎన్నిసార్లు చెప్పినా, పరీక్ష ఎవరికో తనకి తెలుసనే అనుకున్నాడు. ఎదురుగా ఊపిరి బిగబట్టి కూర్చునేది ఆ పిల్ల. ఆ పిల్ల తప్పకూడదు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా తప్పనివ్వలేదు.

అందుకే పలక వచ్చే ప్రతి పెట్టె మీదా అతని ఫోటో వేశారు. కింద ఒక వాక్యం. మూడో తరగతి చదివిన ఈయన అడగకుండా వాడారు.

టీ సగంలో ఉండగా దమయంతి మణికట్టు మీది కబురుగాజు వెలిగింది. ఆమె చూసింది. ముఖం మారింది. ఈసారి కూడా, ఆమె నోరు తెరవకముందే పోలినాయుడు లేచి నిలబడ్డాడు.

"మీ ఆవిడ పడిపోయారట తాతగారూ. ఆసుపత్రికి తీసుకెళ్ళారు."

* * *

సూరీడమ్మ మంచం మీద వెల్లకిలా ఉంది. మూతి కుడివైపు కాస్త జారింది. కుడిచేయి పక్కన పెట్టిన వస్తువులా ఉంది.

"గండం గడిచింది," అంది డాక్టరు. "చేయి కొన్నాళ్ళకి వస్తుంది. కానీ ఈవిడ రక్తపోటు మాత్ర ఎందుకు మానేశారు? మీ ఇంటికి మందుగూడు వచ్చి రెండున్నర నెలలైంది. మాత్ర పడింది తొమ్మిది రోజులే. మిగిలిన అన్ని రోజులూ ఈవిడ వద్దన్నట్టు ఉంది." ఆమె తన పలక తిప్పి చూపించింది. పోలినాయుడికి అది చదవడం రాదు. చూశాడు.

డాక్టరు వెళ్ళాక మంచం అంచున కూర్చున్నాడు.

"వొద్దన్నావా?" అన్నాడు.

"నానెందుకొద్దంతాను?" సూరీడమ్మ మాట ముద్దగా వస్తోంది. "సెయ్యెత్తితే సుక్కలు లెగుస్తాయి. అందులో నాదేదో ఎంచుకునీసరికి ములిగిపోతాయి. మల్లీ ఎత్తితే మల్లీ అంతే. ఓపాలి తగులుతాది, ఓపాలి తగల్దు."

"నాతో సెప్పొచ్చు గదా."

"ఏటి సెప్పీది?" ఆమె కళ్ళు ఇటు తిప్పింది. "పెట్టి మీద నీ బొమ్మే ఉండె. మూడు సదివినోడికి వొచ్చీసింది, ఆడి పెళ్ళానికి రాదట అంతారు. నీ పరువేటవుతాది?"

"నా పరువేటే."

"ఓలి, పదకొండేళ్ళనించి బొమ్మేయించుకుని ఇప్పుడు నా పరువేటే అంతాడు." నవ్వబోయింది. ఒక పక్కే నవ్వు వచ్చింది. "నువ్వెప్పుడైనా మనింట్లో ఆ గూడు ముట్టుకున్నావేటి?"

ముట్టుకోలేదు. అతనికి జబ్బులేవీ లేవు, మందులూ లేవు. పొయ్యి పలకా, నీళ్ళ పలకా ఆమె చేతికే ఏళ్ళ మీద అలవాటయ్యాయి. అతను ఇంటికొస్తే అరుగు మీద కూర్చుంటాడు. అన్నం పెడితే తింటాడు.

* * *

దీపాల వేళకి బట్టలు తీసుకెళ్ళడానికి ఇంటికి వచ్చాడు. మెరక కాలనీలో అన్నీ ఒకే రకం ఇళ్ళు, మనిషెత్తు స్తంభాల మీద. వంటగది పక్క గోడలో మందుగూడు ఉంది. చెక్కపెట్టెంత గూడు, దాని ముందు పలక.

నిలబడి చేయి చాపాడు. మినుగులు తేలాయి. ఐదు. అలవాటుగా తల ఎత్తి ఎదురుగా చూశాడు. ఎదురుగా గోడ ఉంది. మేకుకి తన చొక్కా వేలాడుతోంది. అతను చొక్కా వంక చూస్తూ ఉండిపోయాడు. చేయి గాలిలో ఆగిపోయింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు సెకన్లు. మినుగులు మెల్లగా మునిగిపోయాయి.

"అలాగేనండి. విసిగించను," అంది పలక. చాలా మెత్తటి గొంతు.

మళ్ళీ చాపాడు. పాలరంగుదా, పచ్చదా? పచ్చదంటే పడవ కదా. ఇక్కడా అదేనా? నాలుగు అయిపోయింది.

"అలాగేనండి. విసిగించను."

మూడోసారీ అంతే. నాలుగోసారీ అంతే. ఐదోసారి మినుగులు పైకి రానే లేదు. అన్నిసార్లు వద్దన్న మనిషిని ఇంక అడగకూడదని పలక నేర్చేసుకుంది.

పోలినాయుడు వంటగదిలో నేల మీద కూర్చుండిపోయాడు. తను పలకని ఎప్పుడూ వాడలేదని, పదకొండేళ్ళూ ఒక పిల్ల ముఖాన్ని వాడాడని అప్పుడు అర్థమైంది. అర్థమయ్యాక కోపం రాలేదు. ఒళ్ళు బరువొక్కటే ఎక్కువైంది.

మెట్ల మీద చప్పుడైంది. దమయంతి రెండు కొబ్బరిబొండాలు పట్టుకుని వచ్చింది.

"ఆసుపత్రికెళ్తే ఇంటికొచ్చారన్నారు. ఆవిడ బాగానే మాట్లాడుతున్నారు తాతగారూ. మిమ్మల్ని తిడుతున్నారు కూడా." అతన్ని చూసి ఆగింది. "ఏమిటి, కింద కూర్చున్నారు?"

"నాకు రాదు తల్లీ," అన్నాడు.

"ఏది?"

"ఏదీ రాదు."

ఆమె నవ్వింది. అతను నవ్వలేదు. లేచి పలక ముందు నిలబడ్డాడు. మొరాయించిన పలకని ఆమె తన గాజుతో తట్టి లేపింది. మినుగులు తేలాయి, అతని చేయి తచ్చాడింది, మినుగులు మునిగాయి. తర్వాత ఆమెను రెక్క పట్టుకుని తీసుకొచ్చి గోడ పక్కన, తనకి ఎదురుగా నిలబెట్టాడు. చేయి చాపాడు. ఆమె ముఖం చూశాడు. వేలు సూటిగా పాలరంగు మినుగు మీదికి దిగింది. గూట్లో మాత్ర టక్కున పడింది.

"అటు తిరుగు తల్లీ," అన్నాడు.

ఆమె గోడ వైపు తిరిగింది. వెనక నించి పలక గొంతు వినపడింది. అలాగేనండి, విసిగించను.

దమయంతి వెనక్కి తిరిగేసరికి అతను మళ్ళీ నేల మీద కూర్చున్నాడు. ఆమె వచ్చి అతని పక్కన కూర్చుంది.

"ఆ నాలుగు సెకన్ల గడువు మీ చేతిలోంచే తీశాం," అంది. "పదకొండేళ్ళలో మీరు రెండు దాటి ఎప్పుడూ ఆగలేదు. ఎవరికైనా రెండు చాలు, మర్యాదకి ఇంకో రెండు ఇద్దాం, అప్పటికీ వేలు పెట్టలేదంటే వాళ్ళకి వద్దన్నమాటే, వద్దన్నవాళ్ళని వేధించకూడదు అనుకున్నాం. నేనే రాశానది. అదే బాగుందని మెచ్చుకున్నారు."

"పడవ పలకకీ నాలుగేనా?"

జవాబు అతనికి ఆమె ముఖంలోనే కనపడింది. నీళ్ళు గుమ్మంలోకి వచ్చేవేళ ఎవరి చేయి వణకదు? ఆ ఇంటివాళ్ళు పడవ వద్దన్నారని రాసుకుని పలక ఊరుకుంటుంది. మెత్తగా, మర్యాదగా.

"ఆపెయ్యమ్మా."

"ఎల్లుండి పడవ పలకకి ఆమోద ముద్ర పడుతుంది. నేను వెళ్ళి ఆపమంటే ఏమడుగుతారో తెలుసా? ఫిర్యాదులేవీ అంటారు. అరవై వేల ఇళ్ళలో మందుగూళ్ళున్నాయి. ఒక్క ఫిర్యాదు లేదు తాతగారూ. ఒక్కటి కూడా."

"ఫిర్యాదెలా సెయ్యాల?"

"పలక మీదే," అంది. అని, అరచేతుల్లో ముఖం పెట్టుకుంది. తల ఎత్తి అంది, "మీ మాట చాలదు. ఇంట్లో జబ్బు చేసింది, మనసు చెడి అంటున్నాడంటారు. నా మాట అసలే చాలదు. వాడేవాళ్ళు నోటితో చెప్పాలి. కనీసం ఓ పదిమంది వాడుకశాలకొచ్చి, మాకు రావడం లేదని చెప్పాలి. చెపుతారా?"

"ఎవుడు సెప్తాడమ్మా? మూడు సదివినోడికి వొచ్చిందని బొమ్మెట్టినారు గదా. రాదంటే ఆడికన్నా తక్కువోడైపోడా?"

"చెపితే మిమ్మల్ని తీసేస్తారు. నన్నూ తీసేస్తారు."

"తీసీనీ," అన్నాడు పోలినాయుడు. "అలిసిపోనాను తల్లీ."

ఆమె వెళ్ళేటప్పుడు కొబ్బరిబొండాలు గుమ్మం దగ్గరే మర్చిపోయింది. అతను వాటిని భార్యకి తీసుకెళ్ళాడు.

* * *

మర్నాడు తెల్లవారాక ఆసుపత్రినించి తిన్నగా వీధిలోకి వచ్చాడు. ఏ ఇంటికి ముందు వెళ్ళాలో తెలియలేదు. మనుషుల ఇళ్ళకి వెళ్ళి మాట్లాడడం అతను ఎన్నడూ చేసిన పని కాదు. నాలుగు ఇళ్ళు దాటిపోయి, ఐదో ఇంటి ముందు కాళ్ళు నొప్పెట్టి ఆగాడు.

అది తవుడమ్మ ఇల్లు. ఆమె మెట్ల పైన కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. పెనిమిటి దాలయ్య పోయి నలభై రోజులు కాలేదు. ఆమె నోటికి వీధంతా భయం. దాలయ్య పోయాక అది ఇంకా పదునెక్కిందని చెప్పుకునేవారు.

"ఏటి కొలత మనిసీ, పొద్దున్నే మా గుమ్మం కొలవడానికొచ్చినావేటి?" అంది. "సూరీడప్పకెలాగుంది?"

"బతికింది."

"మాత్రలొద్దన్నాదట గదా. ఏటొచ్చింది దానికి? మొగుడు నోరిప్పడని విసుగెత్తిందేటి?"

పోలినాయుడు మెట్టు మీద చేయి వేసి నిలబడ్డాడు.

"తవుడమ్మా, నాకు మందుగూడు రాదు."

"ఆ?"

"వాడ్డం రాదు. ఏ పలకా రాదు."

ఆమె చేట ఒళ్ళో పెట్టుకుని పెద్దగా నవ్వింది. "ఓలమ్మో! పెట్టి పెట్టికీ పళ్ళికిలించి బొమ్మేయించుకున్నావు. ఆ బొమ్మ సూసి మావంతా నోరు మూసుకు సచ్చినాం. ఇప్పుడొచ్చి రాదంతావా? ఎకసెక్కాలాడ్డానికి నానే దొరికినానేటి బావా?"

"ఎకసెక్కం కాదు. ఎదరకూకున్న ఆ గుంటపిల్ల మొకం సూసి వేలెట్టీవోన్ని. మొకం నేపోతే నాకూ రాదు. రేత్రి ఇంట్లో సూసుకున్నాను." ఇంత మాట ఒకేసారి అతను చాలా ఏళ్ళ తర్వాత మాట్లాడాడు. ఊపిరి తీసుకున్నాడు. "సూరీడు వొద్దన్నేదు. ఏది ముట్టాలో ఎంచుకునీసరికి సుక్కలు ములిగిపోనాయి. అలా ములిగిపోతే మనం వొద్దన్నట్టు రాసీసుకుంటాది."

తవుడమ్మ నవ్వు ఆగిపోయింది.

"రాసీసుకుంటాదా?"

"ఊఁ."

"ఎవులికైనా?"

"ఎవులికైనా."

ఆమె చేటలోకి చూసింది. వేలితో గింజల్ని అటూ ఇటూ తోసింది. రాయి కనపడ్డా తీయలేదు.

"మా ఆయనికీ అలాగే రాసుంటాదా?" అంది. గొంతులో పదును లేదు. "ఆసుపత్రోలు నాకు సూపించినారు బావా. గుండె మాత్ర ఇరవై రెండు దినాలొద్దన్నాడమ్మా మీ ఆయన అన్నారు. బతకాలని నేదేమో అన్నారు. నాతోటి బతుకు విసుగెత్తి మానీసినాడనుకున్నాను. నా నోటికి భయపడి పోనాడనుకున్నాను." కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పెద్దదినంనాడు ఆడికిష్టమైనియ్యి వొండమన్నారు. ఎండునెత్తళ్ళ సేపలంటే పడి సస్తాడు. నాను వొండనేదు. వొద్దని పోనోడికి వొండీదేటని, వొట్టి పప్పన్నం ఆకులో ఎట్టినాను. రోసమొచ్చి."

వీధిలో ఎవరో పలక ముందు నిలబడి తలుపు తీయించుకుంటున్న చప్పుడు వినపడింది.

"ఆడు వొద్దన్నేదు," అన్నాడు పోలినాయుడు.

"నువ్వు సూసినావేటి?"

"నేదు. రేత్రి నాకూ వొద్దన్నట్టే రాసింది. నాకు కావాలి. వొద్దన్నట్టు రాసింది."

ఆమె ఏడవలేదు. చేట కింద పెట్టి, కొంగు నడుముకి బిగించి లేచింది.

"ఎక్కడ సెప్పాలది?"

"వాడుకశాలలో. పదిమందుండాలంట."

"పదిమందేటి, నా గొంతొక్కటి సాలదా?" అంది. రెండడుగులు వేసి గుమ్మంలో ఆగింది. "వొస్తాను గానీ, కూసేపుండు బావా. ఇంట్లో నెత్తళ్ళున్నాయి. పొయ్యెట్టీసి, ఆడికింత ఆకులో ఎట్టీసొస్తాను. అయ్యాక ఎదరింటోల్నీ లేపుదాం. ఆ ఎంకటనర్సు తలుపు పలక రాక పదిరోజులనించి కిటికీలోంచి దూరుతున్నాడు, నాకు తెల్దనుకుంటున్నాడు."

లోపలికి వెళ్ళింది. పొయ్యి పలక ఒకసారి మెత్తగా ఏదో అంది, ఆమె దాన్ని గట్టిగా తిట్టింది, మళ్ళీ తిట్టింది, చివరికి మంట వెలిగింది. ఎండునెత్తళ్ళు వేగుతున్న వాసన వీధిలోకి వచ్చింది.

పోలినాయుడు మెట్టెక్కి, ఆమె కూర్చున్న చోట కూర్చున్నాడు. చేట ఒళ్ళోకి తీసుకుని రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు.